బంగారు ప్రమాణానికి గుడ్డ కప్పారు

మలేరియా పరీక్షల్లో మైక్రోస్కోపుదే బంగారు ప్రమాణమట. కాదన్నదెవరు? బంగారాన్ని మనవాళ్లు తాళం వేసి దాస్తారు కదా, కొన్ని ఏజెన్సీ పీహెచ్‌సీల్లో దీనికీ ఆ మర్యాదే దక్కింది. మైక్రోస్కోపు మీద గుడ్డ, గదికి తాళం, టెక్నీషియన్ డిప్యుటేషన్ మీద మైదానంలో.

పట్నంలో మాత్రం చర్చ ఆగదు. చుక్క రక్తంతో అక్కడికక్కడే తేల్చే ర్యాపిడ్ టెస్టు కిట్టు మేలా, మైక్రోస్కోపు మేలా? మైక్రోలీటరు రక్తంలో పరాన్నజీవులు వందకో రెండొందలకో తగ్గితే కిట్టు పట్టలేకపోవచ్చు, ఆరితేరిన కన్ను యాభైనీ పట్టేస్తుందంటారు పెద్దలు. నిజమే. జ్వరం తగ్గిన కొన్ని వారాలకూ కిట్టు మీద ఫాల్సిపారం రకం మలేరియా గీత పోదు కాబట్టి మందు పనిచేసిందో లేదో కిట్టు చెప్పలేదంటారు. అదీ నిజమే. కిట్టు వెతికే ప్రోటీను జన్యువే లేని ఫాల్సిపారం ఉందని పెరూ నుంచి 2010లో తేలింది, దానికి గీతే పడదు. అన్నీ నిజాలే. ఇంతకీ ఆ ఆరితేరిన కన్ను ఎక్కడండీ? ఆ కుర్చీ ఖాళీ!

పాడేరు కొండల్లో పిల్లాడికి చలిజ్వరం వస్తే ఆశా కార్యకర్త వేలు గుచ్చి, ఇరవై నిమిషాల్లో గీత చూసి, ఆ పూటే మందు మొదలుపెట్టగలదు. అదే రక్తపూతైతే కొండ దిగాలి, జేఎస్‌బీ రంగు పూసుకోవాలి, నూనె చుక్క కింద కనీసం వంద చోట్ల వెతికితే గానీ ‘లేదు’ అనకూడదు. రిపోర్టు కొండెక్కేలోగా పిల్లాడి దీపం కొండెక్కుతుంది.

అలాగని కిట్టును నెత్తిన పెట్టుకున్నామా? అదీ లేదు. చాలా రకాల కిట్లకు 40 డిగ్రీలు దాటిన వేడి పనికిరాదు. వాటిని రేకుల గోదాములో వేసవంతా మాగబెట్టి, తప్పుడు ఫలితమొస్తే కిట్టునే తిడతాం.

ఇక మైక్రోస్కోపు సంగతికొస్తే, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రోనాల్డ్ రాస్, పంకా గాలికి కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. నేటి ల్యాబులో ఫ్యాను ఉంది, కూర్చునే మనిషే లేడు. ఏటా అదే తేదీన దోమల దినోత్సవం, దండలు మాత్రం తప్పవు.

మందు వేసేముందు మైక్రోస్కోపుతోనో కిట్టుతోనో నిర్ధారించుకోండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. ఏదో ఒకటి చాలంది. మనవాళ్లు రెండూ అందకుండా చూసుకుని, ఏది గొప్పో తేలుస్తున్నారు.

దొరలూ, ముందు టెక్నీషియన్‌ను వెనక్కి పిలవండి. వానలు పడకముందే ఆశాల సంచుల్లోకి కిట్లు చేర్చండి. ఏది గొప్పో తేల్చే సదస్సు చలికాలంలో పెట్టుకుందురు గాని.