రొట్టెకు రెండు పేర్లు

క్రొయేషియాలోని జాగ్రెబ్ నగరం నడిబొడ్డున దోలత్స్ సంత. ఆ పక్కనే ఓ రొట్టెల కొట్టు ముందు పొద్దున్నే జనం వరస కట్టారు. ఒక ముసలావిడ వంతు వచ్చింది.

"ఒక హ్లియెబ్ ఇవ్వమ్మా" అంది కొట్టు పిల్లతో.

వెనక నిలబడ్డ కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. ఇస్త్రీ నలగని కోటు, మెడలో ఆఫీసు కార్డు.

"మామ్మగారూ, అది సెర్బుల మాట. మన భాషలో రొట్టెను 'క్రుహ్' అనాలి."

ఆ పట్టింపు అతనొక్కడిదే కాదు. 1991లో యుగోస్లావియా నుంచి విడివడ్డాక క్రొయేషియాలో మాటల ఏరివేత జోరుగా సాగింది. వెయ్యికి 'హిల్యాద' వెనక్కి తగ్గి 'తిసుచ' నిలిచింది. 1999లో 'రానె' అనే సెర్బియా సినిమాను జాగ్రెబ్‌లో క్రొయేషియన్ సబ్‌టైటిళ్లతో ఆడిస్తే, వినబడేదీ రాసిందీ దాదాపు ఒకటే కావడంతో జనం ఆ సబ్‌టైటిళ్లు చూసి పగలబడి నవ్వారు. నిఘంటువులో ఉన్న మాటే అయినా, హ్లియెబ్ మీద సెర్బు ముద్ర పడిపోయింది.

"అలాగే నాయనా, చదువుకున్నవాడివి. ఎక్కడ పని?" అంది మామ్మ.

"మంత్రిత్వ శాఖలో. కాగితాల్లో పరాయి మాటలుంటే ఏరేస్తాను."

"పరీక్ష రాసి వచ్చావా?"

"ఆ అవసరం రాలేదు. మా మావయ్య పార్టీలో పెద్ద తలకాయ" అన్నాడు కాలరు సర్దుకుంటూ.

వరసలో ఎవరో "ఉహ్లియెబ్" అని గొణిగారు. పార్టీ పలుకుబడితో సర్కారు కొలువులో దూరినవాణ్ణి అక్కడ జనం పిలిచే పేరది. పత్రికలూ అదే రాస్తాయి. హ్లియెబ్‌లోంచి పుట్టిన మాటే. పూట గడవడానికి ఢోకా లేకుండా కుదురుకున్నవాడని భావం.

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. కొట్టు పిల్ల నవ్వు ఆపుకుంటూ రొట్టెను కాగితంలో చుట్టి ఇచ్చింది. మామ్మ దాన్ని సంచిలో వేసుకుని, చిల్లర సరిచూసుకుని, వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టింది.

"హ్లియెబ్ మన భాషలోంచి పోయిందని ఎవరన్నారు నాయనా? మీ మావయ్య దానికి గవర్నమెంటు ఉద్యోగం వేయించాడుగా!"