నికోబార్‌లో గొడ్డలి, హర్యానాలో పార

మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడం సామాన్యుల వల్ల కాదు. దానికో శాఖ ఉండాలి, ఫైలుండాలి, నిబంధన ఉండాలి. మనకవన్నీ ఉన్నాయి. అందుకే గ్రేట్ నికోబార్‌లో రేవుకూ, విమానాశ్రయానికీ, టౌన్‌షిప్‌కూ 130.75 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యాన్ని రాసిచ్చేసి, బదులుగా హర్యానాలో మొక్కలు నాటుతామన్నారు. పడబోయే చెట్లు 9.64 లక్షలన్నది 2023లో పార్లమెంటుకు చెప్పిన అంచనా.

హర్యానాయే ఎందుకయ్యా అంటే, అండమాన్ నికోబార్ దీవుల్లో నాలుగింట మూడొంతులకు పైగా అడవే, ఇక నాటడానికి జాగా ఏదీ అన్నారు. అడవిని నిలుపుకున్నందుకు దీవికి దక్కిన బహుమానం గొడ్డలి! తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడు వీళ్ల దగ్గర పాఠాలు చెప్పించుకోవాలి.

ఇంతకీ పోయేవి ఎలాంటి చెట్లు? మన మొగలికి దగ్గర చుట్టం పాండనస్ అక్కడ ఊడల్లాంటి వేళ్ల మీద నిలబడి, తలకాయంత పండు కాస్తుంది. దాన్ని ఉడకబెట్టి, గుజ్జు గీకి, పీచు తీసేసి ముద్ద చేసుకుంటారు. అక్కడి ఆదివాసులైన నికోబారీలకూ షోంపెన్లకూ అది తిండి. నికోబార్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా పెరగని చెట్టుఫెర్న్ ఒకటుంది. పెద్ద చెట్ల నీడా, ఆరని తేమా ఉంటేనే దానికి బతుకు. అక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా కురిసే వానలో హర్యానాకు పావు వంతు కూడా దక్కదు. అయినా ఫైలుకేం, తడవదుగా!

హర్యానాలోని ఆరావళి కొండలకు పచ్చదనం వద్దని ఎవరన్నారు? ఆ పొడినేలకు తగ్గ చెట్లు నాటండి, చల్లగా ఉంటారు. కానీ ఆ మొక్కల్ని నికోబార్ ఖాతాలో జమ వేయకండి. ఆ దీవిలోని గలాథియా తీరంలో గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేలు గురుగ్రామ్ దాకా నడిచి రాలేదు. షోంపెన్ తల్లి నూహ్ జిల్లాకొచ్చి పాండనస్ పండు కోసుకోలేదు.

లేదూ, చెట్టుకు బదులు చెట్టు ఎక్కడున్నా ఒకటేనంటారా? అయితే రేవు కూడా హర్యానాలోనే కట్టండి. అక్కడ సముద్రం లేదంటారేమో. వర్షారణ్యమూ లేదు. అది మీకేమైనా అడ్డొచ్చిందా?