‘మెల్లగ బిడ్డా, పడ్తవ్!’ — సంపూర్ణ టీకా తాత్పర్య సహితం

మూలం

మెల్లగ బిడ్డా, పడ్తవ్!

అవతారిక

సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద, పొద్దు పొడిచే వేళ, వాకింగుకు వచ్చిన జనం నడుమ ఒక నాయినమ్మ నోట వెలువడిన ఏకవాక్య కావ్యమిది. శ్రోత పదమూడు నెలల పిల్లవాడు. కాళ్లకు గజ్జెలు, మొలకు నల్లదారం, చేతిలో సగం నాకిన బిస్కెట్టు. కథావస్తువు స్వల్పం: వాడు పావురాన్ని పట్టుకోవాలి, పావురం దొరకకూడదు.

కావ్యకాలం తేల్చడం కష్టం. ఈ నాయినమ్మకు ఇదే మాట వాళ్ల నాయినమ్మ చెప్పింది, ఆమెకు ఆమె నాయినమ్మ. తాళపత్రాలేవీ లేవు. తరతరాల మోకాలి చిప్పల మీది మచ్చలే దీనికి వ్రాతప్రతులు.

మూడు మాటలకు ఇంత వ్యాఖ్యానమా అంటారేమో. ఇది వ్యాఖ్యాతల గడ్డ. కాళిదాస కావ్యాలకు ‘సంజీవని’ రాసిన కోలాచల మల్లినాథసూరిది మెదక్ దాపున ఉన్న కొల్చారం. 2016 అక్టోబరు 11న సిద్దిపేట వేరుపడేదాకా ఆయన ఊరూ మా ఊరూ ఒకే జిల్లా. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిన పూనాడు. అందులో రెండో సగం నా వల్ల కాదని ముందే మనవి చేస్తున్నాను. మొదటి సగం దగ్గర కూడా ఒక చిక్కు వచ్చింది. దాన్ని ‘అన్వయం’లో విన్నవిస్తాను.

ప్రతిపదార్థం

బిడ్డా = ఓ పెరుగుతున్నవాడా (పాఠాంతరంలో: ఓ తరుగుతున్నదానా); మెల్లగ = నీ ఒంటికి నువ్వు అలవాటుపడే పాటి వేగంతో; పడ్తవ్ = పడగలవు, పడుతుంటావు, ఇదిగో పడ్డావు.

టీక

‘బిడ్డా’ — సంబోధన ప్రథమ. మా వైపు ఈ మాటకు వయోపరిమితి లేదు. అరవై ఏళ్ల కొడుకు కూడా తల్లికి బిడ్డే. మారేది పిలుపు కాదు, పిలుపందుకునే ఒళ్లు. పుట్టినప్పుడు మనిషి సుమారు 50 సెంటీమీటర్లు, అందులో పావు వంతు తలే. ఏడాది తిరిగేసరికి 75 సెంటీమీటర్లు, బరువు పుట్టిననాటికి మూడింతలు. పెద్దయ్యాక తల వాటా ఎనిమిదో వంతుకు దిగుతుంది. అంటే మన కథానాయకుడు పైన బరువు, కింద పొట్టి కాళ్లు పెట్టుకుని పావురం వెంట పడ్డాడన్నమాట. సిద్దిపేట చీర మీది గొల్లభామ నెత్తిన కుండ పెట్టుకుని తొణక్కుండా నడుస్తుంది. వీడికి తలే కుండ. అందుకే కాళ్లు ఎడంగా, చేతులు పైకి.

ఇక్కడొక నిఘంటు విశేషం. అంగన్‌వాడీలో రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలుస్తారు, దాన్ని ‘పొడవు’ అంటారు. రెండేళ్లు దాటితే నిలబెట్టి కొలుస్తారు, అది ‘ఎత్తు’. అదే పిల్లవాణ్ని పడుకోబెట్టి, ఆపైన నిలబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటరు తగ్గుతాడు. నిలబడటానికి భూమి వసూలు చేసే పన్ను అది. అయినా నిలబడ్డవాణ్నే లోకం లెక్కలోకి తీసుకుంటుంది. ‘వాడు నిలబడ్డాడు’ అంటే బతుకులో కుదురుకున్నాడనే కదా మన అర్థం! అయితే పన్ను కట్టకముందే కురచైపోయిన పిల్లలున్నారు. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఇంచుమించు మూడింట ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఈ చోట వ్యాఖ్యాత చమత్కారం దేనికీ కొరగాదు. గుడ్డూ పాలూ పప్పూ కొరగాలి.

‘మెల్లగ’ — క్రియావిశేషణం. వేగం ఒక అర్థం, వ్యవధి ఇంకో అర్థం. “పక్కింటి పోరడు పదో నెలకే నడిచిండు” అనేది పూర్వపక్షం. దీనికి సిద్ధాంతం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పింది. మన దేశంతో కలిపి ఆరు దేశాల పిల్లల ఎదుగుదలను కొలిచి ప్రమాణాలు ప్రకటించింది. నడక వంటి కదలికలను అందులో ఐదు దేశాల్లో గమనించింది. ఎవరి ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడొచ్చినా సహజమే. నూటికి నలుగురు పిల్లలైతే చేతులూ మోకాళ్ల మీద పాకడమనే సర్గను పూర్తిగా వదిలేసి లేచి నిలబడ్డారు.

ఈ సంగతి మన వంటింటికి ముందే తెలుసు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులకు అరిసెలు. ఈ పంచాంగంలో తిథులు లేవు, పిండివంటలే ఉన్నాయి. పిల్లవాడు అడుగేస్తే పాకం పడతారు తప్ప, పాకం పట్టుకుని పిల్లవాణ్ని తొందరపెట్టరు.

మెల్లదనానికి కారణమేమిటి? అప్పుడే పుట్టిన బిడ్డను చంకల కింద పట్టుకుని పాదాలు నేలకు ఆనిస్తే ఒకటి తర్వాత ఒకటిగా అడుగులు పడతాయి. రెండు నెలలు తిరిగేసరికి ఆ విద్య మాయమవుతుంది. మెదడు ఎదిగి దాన్ని అణిచేసిందని చాలాకాలం అనుకున్నారు. ఎస్తర్ థెలెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం 1984లో వేరే సంగతి బయటపెట్టింది. పిల్లల కాళ్లను నీళ్లలోకి దించితే అడుగులు మళ్లీ జోరందుకున్నాయి, కాళ్లకు చిన్న బరువులు కడితే తగ్గాయి. నడక ఎక్కడికీ పోలేదు. కండ బలం కన్నా కొవ్వు బరువు ముందు పెరిగింది, కాలు లేవలేదు, అంతే. కాళ్లు చాపుకుని, వాటి మీద మనవణ్ని పడుకోబెట్టి, నూనె రుద్ది నీళ్లు పోసే నాయినమ్మకు ఆ తొడల బరువు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

‘పడ్తవ్’ — మధ్యమ పురుష ఏకవచనం. భవిష్యత్తూ తద్ధర్మమూ రెండూ. “పడబోతున్నావు” అని హెచ్చరిక, “పడటం నీ ధర్మం” అని శాస్త్రం. రెండో అర్థానికి ప్రమాణముంది. న్యూయార్క్‌లో కేరెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు. మరి పాకడంలో ఆరితేరినవాడు ఈ అవస్థ ఎందుకు కొనితెచ్చుకుంటాడు? అదే పరిశోధనలో జవాబుంది. కొత్తగా నడిచేవాడు ఎక్కువ దూరం పోతాడు. దూరం లెక్కన చూస్తే పాకేవాడి కన్నా ఎక్కువ పడడు. లాభసాటి బేరమే.

పైగా వాడికి పడటం చవక. తొమ్మిది కిలోల ఒళ్లు, ముప్పావు మీటరు ఎత్తు. అరవై కిలోల పెద్ద మనిషి నిలువునా కూలితే నేలను తాకే దెబ్బలోని శక్తి అంతకు పది రెట్లు దాటుతుంది.

పాఠాంతరాలు

అ) పదమూడేళ్ల ప్రతి: “మెల్లగరా, కండ్లు నెత్తికెక్కినయా?” కండ్లు నెత్తికెక్కలేదు, నెత్తే పైకెక్కింది. ఆడపిల్లలు రెండేళ్లు ముందుగా, మగపిల్లలు వెనకగా, ఏడాదికి ఎనిమిది పది సెంటీమీటర్లు సాగే కాలమది. ముందు పాదాలు, తర్వాత కాళ్లు, చివరికి మొండెం. దసరాకు కొన్న చెప్పులు సంక్రాంతికి పట్టవు. నిన్నటి కొలతలతో చెయ్యి చాపితే ఇవాళ స్టీలు గ్లాసు తన్నుకుంటుంది. తిట్టే ముందు తండ్రులు ఈ టీకను చదవాలి.

ఆ) నలభై అయిదేళ్ల ప్రతి: ఇక్కడ పాఠం లుప్తం. ఈ వయసువాడికి ఎవరూ ‘మెల్లగ’ అని చెప్పరు. ముప్ఫై దాటాక కండ ఏటికేడు కొంచెం కొంచెంగా తగ్గుతుందనీ చెప్పరు. కుర్చీ, కారు, సోఫా — ఈ మూడింటి మధ్య నేల అనేది ఒకటుందని మరిచిపోతాం. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, గుంట మగ్గంలో కాళ్లాడించే నేతన్నలు పూటకు ఎన్నిసార్లు నేల మీంచి లేస్తారో! వ్యాఖ్యాత ఈ ప్రతికి చెందినవాడే. మొన్నొక సత్యనారాయణ వ్రతంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. తీర్థప్రసాదాలయ్యాక లేవబోతే లేవలేదు. పక్కాయన భుజం పట్టుకుని లేచాను. ఆయన కూడా నా భుజం కోసమే చూస్తున్నాడు.

ఇ) డెబ్బై ఏళ్ల ప్రతి: “మెల్లగ అవ్వా, పడ్తవ్!” వక్త శ్రోత అయింది, శ్రోత వక్త అయ్యాడు. నలభై దాటాక పదేళ్లకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున ఎత్తు దిగుతుంది. ఎముక గుల్లబారుతుంది. చూపు, లోపలి చెవి, అరికాలి స్పర్శ పంపే కబుర్లు ఆలస్యంగా చేరతాయి. పడి చనిపోయేవాళ్లు ప్రపంచంలో ఏటా 6,84,000 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో పెద్ద వయసువాళ్ల పాలే ఎక్కువ. కనుక ఈ ప్రతిలో ‘పడ్తవ్’కు తద్ధర్మార్థం చెల్లదు, హెచ్చరిక ఒక్కటే చెల్లుతుంది.

అలంకారం

స్వభావోక్తి. ఒకే వాక్యం రెండుసార్లు వచ్చింది గనక పునరుక్తి దోషమని కొందరంటారు. రెండు మాటల మధ్య డెబ్బై ఏళ్లున్నాయి గనక ఆ దోషం లేదు.

అన్వయం

ఇదీ అసలు చిక్కు. వాక్యంలో ‘మెల్లగ’ ఉంది, అది ఏ క్రియకు విశేషణమో ఆ క్రియ లేదు. అధ్యాహరించుకోవాలి. ఏమని?

చాలా ఇళ్లలో చిన్నవాడి విషయంలో ‘నడువు’ అనీ, ముసలామె విషయంలో ‘కూసో’ అనీ నింపుకుంటారు. “నువ్వు లేవకు, మేం తెస్తం గద” అంటారు. ప్రేమే, సందేహం లేదు. కాని కూర్చోబెట్టిన కాలు నెల నెలకూ బలం తగ్గి, లేచిన రోజు తూలుతుంది. తూలింది గనక మళ్లీ కూర్చోబెడతారు. ‘మెల్లగ కూసో’ అనే అన్వయం చివరికి పడటానికే దారి తీస్తుంది. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు తూకం నిలిపే కసరత్తు, బలం పెంచే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

దీనికి దృష్టాంతం ఇదే చెరువు కట్ట మీద బతుకమ్మ పండుగ నాడు దొరుకుతుంది. ఒక అడుగు పక్కకు, కొంచెం వంగి చప్పట్లు, లేచి మళ్లీ పక్కకు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారుతూ ఉంటుంది, నోరు పాట మరవకూడదు. ఆరేళ్ల పిల్లకూ డెబ్బై ఏళ్ల అవ్వకూ వలయం ఒకటే, అడుగు ఒకటే. ఆ తొమ్మిది రోజులు అవ్వను ఎవరూ కూసోమనరు.

తాత్పర్యం

ఓ బిడ్డా, నీ ఒళ్లు నిన్నటిది కాదు. పెరిగితే కొత్త ఒళ్లు, తరిగినా కొత్త ఒళ్లే. దాన్ని నిత్యం మళ్లీ నేర్చుకుంటూ కదులు. చిన్ననాడు పడుతూ నేర్చుకో, పెద్దనాడు పడకుండా నేర్చుకో. నేర్చుకోవడం మాత్రం ఆపకు.

ఉపసంహారం

కావ్యకర్తను నేరుగా అడిగే భాగ్యం వ్యాఖ్యాతలకు దొరకదు. నాకు దొరికింది. మోకాలి మీద చెయ్యి ఆనించి నాయినమ్మ బెంచీ మీంచి లేస్తోంది. ఫోను చెవికి పెట్టుకున్న కొడుకు అటు తిరిగే “మెల్లగ అవ్వా, పడ్తవ్” అన్నాడు. “పడితె లేస్త తియ్” అని ఆమె రెండడుగులు వేసింది. నేను దగ్గరికి పోయి, “అవ్వా, పోరనికి మెల్లగ అన్నవు గద. మెల్లగ ఏం చెయ్యమని?” అని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “గట్లడుగుతవేందయ్యా? వాడు నడుస్తనే ఉండె గద!”

అంటే క్రియ లోపించలేదు. నేను మూలమంటూ చెవులతో విన్నది సగమే. మిగతా సగం గజ్జెల కాళ్లతో కట్ట మీద పోతోంది. మల్లినాథుడి మొదటి ప్రతినకు భంగం రాలేదని ఊపిరి పీల్చుకుంటుండగా పిల్లవాడు ధబ్బున కూలబడ్డాడు. అరచేతులు నేల కానించి, ముడ్డి పైకెత్తి, లేచాడు. పావురం పది గజాలు అవతల వాలి వాడి కోసం చూస్తోంది.