పలక దివాలా

నాటి ముఖ్యమంత్రి జన్మదినమగు 2022 డిసెంబరు 21న, ఎనిమిదవ తరగతి విద్యార్థులకును వారి గురువులకును బైజూస్ సంస్థ పాఠములు నింపిన ఐదు లక్షలకు పైబడిన ట్యాబులను ప్రసాదింప నారంభించిన ప్రభుత్వమువారి ఔదార్యమును, ఏలూరు తాడేపల్లిగూడెముల అయ్యవార్లు కొనియాడి ముగింపకమునుపే, పిల్లలకు గణితము నేర్పవచ్చిన ఆ సంస్థ తన జమాఖర్చుల లెక్క తప్పి 2024లో దివాలా విచారణకెక్కినది. (గుణకారము వచ్చి భాగహారము రాకున్న నింతియే!) ఆ యేడే సెప్టెంబరులో బుడమేటి వరద కొల్లేటి లంకల బాటలను ముంచగా పడవయే దారియైనది. అట్టిచోట బడి గోడనెక్కిన డిజిటల్ తెర విద్యుత్తునకును, ముఖము చూచి హాజరు వేయు యాప్ సిగ్నలునకును, అయ్యవారు రేవులో పడవకును ఎదురుచూడవలసినదే గదా! ఇకమీదట తెరలు పంపు మహాశయులు జతగా తెడ్డొకటియు పంపినచో ధన్యులము.