జ్వరంలో కోడి తిన్న మనవడి సంజాయిషీ

దవావో (ఫిలిప్పీన్స్),
ఆదివారం.

మహాలక్ష్మీ సమానురాలైన మామ్మకి నీ మనవడు నమస్కరించి వ్రాయునది. జ్వరం పూర్తిగా తగ్గింది, నిన్న తలకి కూడా పోసుకున్నాను. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. అమ్మ చదువుతుంటే నువ్వు మొదటి వాక్యానికే కళ్ళొత్తుకోవడం మొదలుపెడితే మిగతా కథ ఎవరూ వినరు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటాడు నాన్న. వీడియో కాల్ చేస్తే నువ్వు ఫోను చెవికి ఆనించుకుంటావు. నాకు తెర నిండా నీ చెవీ, చెవిదిద్దూ. మా కాలేజీలో చెవి పాఠం చెప్పినప్పుడు కూడా అంత దగ్గరగా చూపించలేదు. పైగా ఈ విషయంలో నువ్వు రాతపూర్వకంగా సంజాయిషీ కోరావని అమ్మ చెప్పింది. సరే, రాతపూర్వకంగానే.

అమ్మా, నీకో మాట. అక్కడక్కడ ‘మామ్మకి చదవొద్దు’ అని రాస్తాను. అక్కడ దగ్గు వచ్చినట్టు చేసి దాటెయ్.

మామ్మా, నువ్వు మోపిన నేరం నాకు అర్థమైంది. డాక్టరు చదువుతున్నవాడు, ఒళ్ళు కాలిపోతుంటే కోడిని తిన్నాడు. నీ శిక్షాస్మృతి నాకు కంఠతా వచ్చు: ముందు లంఖణం, తర్వాత సగ్గుబియ్యం జావ, ఆ తర్వాత పాలల్లో ముంచిన బ్రెడ్డు, ఇంకాస్త నెమ్మదిస్తే చారన్నం, మరీ కరుణిస్తే బీరకాయ. తలకి పోసుకునేదాకా నీసు మాట ఇంట్లో ఎత్తకూడదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే వీధి చివర ఎవరో చేపల పులుసు పెట్టారని కిటికీ మూయించావు.

ఇక్కడ ఆ చట్టం చెల్లదు. ఇక్కడ జ్వరమొస్తే చేసే మొట్టమొదటి పని కోడిని కోయడం.

మా ఇంటావిడ సంగతి నీకు తెలుసు కదా. తీతా అని పిలుస్తాను, పిన్ని అనుకో. మేడ మీద గదులు మన తెలుగు పిల్లలకి అద్దెకిచ్చి, కింద చిన్న కిరాణా కొట్టు పెట్టుకుంది. నేను క్లాసుకి వెళ్ళలేదన్న సంగతి మెట్ల మీద చెప్పుల చప్పుడు లేకపోవడాన్ని బట్టే కనిపెట్టింది. పైకొచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి, థర్మామీటరు అందిస్తే పక్కన పడేసింది. ఈ విషయంలో మీ ఇద్దరిదీ ఒకే వైద్య కళాశాల. మధ్యాహ్నానికి గిన్నెతో వచ్చింది. దాన్ని ఈ ఊళ్ళో పోస్పాస్ అంటారు, మనీలా వైపు అరోస్ కాల్డో అంటారు. ఆ రెండో పేరు స్పెయిన్ వాళ్ళది, గంజి కాచే పద్ధతి చైనా నుంచి వచ్చినవాళ్ళది, అల్లం మాత్రం తీతాది. అల్లమంటే ఏదో ముక్క కాదు, పిడికెడు.

నువ్వు నమ్మవు గానీ అందులో పసుపు లేదు, కారం లేదు, ధనియాల పొడి లేదు, గరం మసాలా లేదు. ‘పసుపు వేయని కోడి నీసు వాసన రాదూ?’ అని నువ్వు మంచం మీంచి లేచి కూర్చోవడం నాకిక్కడికి కనిపిస్తోంది. రాదు. ఆ పని అల్లం చూసుకుంటుంది.

తీతా వండుతుంటే పక్కన నిలబడి చూశాను కాబట్టి సాక్ష్యం చెబుతున్నాను. కోడి నాటుకోడే కావాలంటుంది. బంకెరోహన్ అని ఇక్కడో పెద్ద బజారుంది. అక్కడ కోడిని ఎత్తి చూసి, రెక్క కింద నొక్కి, ధర అడిగి, ఛీ అని వెళ్ళిపోయినట్టు నాలుగడుగులు వేసి వెనక్కి వస్తుంది. ఆ నాలుగడుగులూ నువ్వు నేర్పినవే అనుకున్నాను. ముక్కలు ఎముకతోనే కొట్టిస్తుంది. నూనెలో సన్నగా చీల్చిన అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ వేగాక కోడి ముక్కలు వేసి రంగు మారేదాకా తిప్పుతుంది. తర్వాత పాటీస్ అనే నీళ్ళ లాంటిది ఓ చెంచాడు పోస్తుంది.

(అమ్మా, మామ్మకి చదవొద్దు. పాటీస్ అంటే చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం. సీసా మూత తీస్తే మేడ మీద మూడు గదుల తలుపులూ మూసుకుంటాయి. గిన్నెలో పడి ఉడికాక మాత్రం ఆ వాసన ఎటు పోతుందో, రుచి ఒక్కటే మిగులుతుంది. మామ్మ అడిగితే ఉప్పునీళ్ళని చెప్పు. అబద్ధమేమీ కాదు.)

తర్వాత కడిగిన బియ్యం అందులోనే వేసి కాసేపు వేయిస్తుంది, కోడి నూనె ప్రతి గింజకీ పట్టేదాకా. ఒక వంతు బియ్యానికి ఎనిమిది వంతులకి తక్కువ కాకుండా నీళ్ళు. ఇక అక్కణ్ణించి గరిటె వదలదు. అడుగంటితే ఆవిడ పరువు పోతుంది. బియ్యం విచ్చి, విరిగి, పులుసూ గంజీ కలిసిపోయాక కాసిని కుసుమ పూల రేకలు చల్లుతుంది, మనం నూనె తీసే కుసుమ మొక్కవే. పసుపు రంగు దానితోనే వస్తుంది, రుచి ఏమీ ఉండదు. పైన వేయించిన వెల్లుల్లి, ఉల్లికాడలు, ఉడికించిన గుడ్డు వేసి, ఉసిరికాయంత కలమాన్సీ నిమ్మకాయ పిండి చేతికిస్తుంది. ఈ ఊరు భూమధ్యరేఖకి ఏడు డిగ్రీల దూరం, చలికాలమన్నది లేదు. ఆ వేడిలో పొగలు కక్కే ఆ గిన్నె ఖాళీ చేస్తే చెమట దానంతటదే పడుతుంది. దుప్పటి కప్పి, పైన నీ చీర కప్పి, దాని మీద తాతయ్య ధోవతి కప్పితే గానీ పట్టని చెమట.

ఈ గంజిని తక్కువగా చూడకు. 2021లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, మనీలా పక్కన బులకాన్‌లో ఒక డెలివరీ కుర్రాడు లుగావ్ అనే గంజి పట్టుకెళ్తుంటే బరంగాయ్ ఉద్యోగిని ఆపేసింది. బరంగాయ్ అంటే మన పంచాయతీ లాంటిది. గంజి లేకపోయినా మనిషి బతుకుతాడు, ఇది అత్యవసర వస్తువు కాదు అంది. ఆ వీడియో దేశమంతా పాకింది. గంజి అత్యవసరమా కాదా అని జనం రెండు వర్గాలైపోయి, కాదు, ఒకే వర్గమైపోయి మండిపడ్డారు. ఆఖరికి అధ్యక్ష భవనం తరఫున మాట్లాడే పెద్దమనిషి వచ్చి లుగావ్ అత్యవసరమేనని ప్రకటించాల్సి వచ్చింది. మన దగ్గర గంజికి ఎప్పుడైనా అంత మర్యాద జరిగిందా? గంజి పెట్టిన చొక్కాకి జరిగింది గానీ.

ఇక బియ్యం సంగతి. ఇది తాతయ్యకి. కాస్త గట్టిగా చదువమ్మా.

తాతయ్యా, తీతా రెండు రకాల బియ్యం కలుపుతుంది. మామూలువి కొన్ని, జిగురు బియ్యం కొన్ని. జిగురు బియ్యంలో గింజని పొడిపొడిగా ఉంచే పిండిపదార్థం దాదాపు ఉండదు, అందుకే కరిగిపోయి గంజిని చిక్కగా పట్టుకుంటుంది. అన్నం పొడిపొడిగా రావాలని జీవితమంతా యుద్ధం చేసిన మామ్మ ఈ బియ్యాన్ని చూస్తే కొట్టువాడి మొహాన కొడుతుంది.

నువ్వు ఇరవై నాలుగ్గంటలూ చెప్పే ఐఆర్ ఎయిట్ వరి ఈ దేశం నుంచే వచ్చిందని తెలుసా? మనీలాకి దక్షిణంగా లాస్ బాన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పెట్టారు, 1966లో ఆ వంగడం విడుదల చేశారు. మరుసటి ఏడే, 1967లో, మన ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి, విత్తనం అందరికీ అందేలా చేశారు. ఆ విత్తనం వల్లే మన పాక పోయి డాబా వచ్చిందని నువ్వంటావు. ఆ అన్నం పొద్దున వండితే సాయంత్రానికి రాయిలా అయ్యేదనీ, గడ్డి పొట్టిదని గేదెలు అలిగేవనీ మామ్మ అంటుంది. ఇద్దరి మాటా నిజమే. దానికి గడ్డి పొట్టిదవడం వల్లే కంకి బరువుకి చేను పడిపోలేదు. ఇప్పుడు మార్టేరు స్వర్ణ తింటూ కూడా మీ ఇద్దరూ ఆ పాత తగాదా ఆపలేదని అమ్మ వార్త.

మళ్ళీ కేసులోకి వద్దాం. మామ్మా, నీకు రుజువు కావాలి. అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ రెనార్డ్ అని ఊపిరితిత్తుల డాక్టరు. వాళ్ళావిడ అమ్మమ్మ చేసే కోడి సూపుని లాబొరేటరీకి పట్టుకెళ్ళి తెల్ల రక్తకణాల మీద పరీక్షించాడు. జలుబులో మనం పడే బాధలో కొంత ఆ కణాలు గుంపులుగా పరిగెత్తుకు రావడం వల్లేనంటారు. సూపు తగిలితే ఆ పరుగు మందగించింది. 2000లో చెస్ట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఇది గాజుపాత్రలో జరిగింది గానీ మనిషి ఒంట్లో కాదు కాబట్టి, దీన్ని పట్టుకుని ఎగరొద్దని చదువుకున్నవాళ్ళ మాట. అయినా నువ్వేమంటావో నాకు తెలుసు: ‘అమ్మమ్మ చేతిది కాబట్టి పనిచేసింది, హోటల్ది అయితే చేసేదా?’ ఆయన కొట్లో దొరికే సూపులు కూడా పరీక్షించాడు మామ్మా. ఫలితాలు ఇక్కడ రాయను.

(అమ్మా, మామ్మకి చదవొద్దు. ఒంటి వేడి ఒక్కో సెల్సియస్ డిగ్రీ పెరిగినప్పుడల్లా ఒంటి ఖర్చు సుమారు 10 శాతం పెరుగుతుంది. అంటే లంఖణం పెట్టే రోజునే మనిషికి నీళ్ళూ తిండీ ఎక్కువ కావాలి. ఇది నేనే చెప్పానని తెలిస్తే ‘చదువుకి పంపితే నాకే పాఠమా’ అంటుంది. మెల్లగా పుస్తకంలో ఉందని చెప్పు. పుస్తకమంటే ఆవిడకి కొంచెం భయం.)

తీతా చేతి వంట ఆధునికమే గానీ ఆవిడ శాస్త్రం మాత్రం నీదే. జ్వరంలో స్నానం కూడదు. సరే. ఎండలో తిరిగొచ్చి వెంటనే చేతులు కడగకూడదు. ఇస్త్రీ చేశాక చన్నీళ్ళు తగలకూడదు. తగిలితే పస్మా అని ఒకటి వస్తుంది, చేతులు వణుకుతాయి, నరాలు పైకి తేలుతాయి. నా పుస్తకాల్లో దానికి పేజీ లేదు. వారంలో అన్ని రోజులూ ఆసుపత్రిలో చేతులు కడుక్కోండని జనానికి చెప్పి, ఇంటికొచ్చి తీతా చూస్తుండగా పొడి చేతులతో మెట్లెక్కుతాను. నువ్వు ‘వేడి చేసింది’ అంటే నేను మజ్జిగ తాగలేదూ? ఇదీ అంతే.

కిందటి నెల నిన్నూ ఆవిణ్ణీ ఫోనులో కలిపినప్పుడు నాకు మతిపోయింది. నువ్వు తెలుగు, ఆవిడ బిసయా. నేను మధ్యలో దుబాసీగా కూర్చున్నాను. నా అనువాదం కోసం ఒక్కళ్ళయినా ఆగలేదు. నువ్వు ‘చిక్కిపోయాడు’ అన్నావు, ఆవిడ తన బుగ్గలు లోపలికి నొక్కి చూపించింది. నువ్వు ‘రాత్రిళ్ళు మేలుకుంటాడు’ అన్నావు, ఆవిడ గోడ గడియారం వంక వేలు చూపించింది. నీ చెవికి అది కనపడదు కదా, అయినా ‘అదే చెబుతున్నా’ అన్నావు. చార్జిషీటు మొత్తం నా కళ్ళముందే ఖరారైంది.

మునగాకు వేసి కోడి పులుసు కూడా చేస్తారిక్కడ, తినోలా అని. మనం ఆషాఢంలో తినే మునగాకే. ఈ దేశపు మహా రచయిత హోసే రిజాల్ 1887లో అచ్చేసిన ‘నోలీ మే తంగెరే’ నవలలో ఒక విందు ఉంది. అందులో ఒక పాదిరీ గారికి ఆ పులుసులో ఒట్టి మెడా, గట్టి రెక్కా పడతాయి, కథానాయకుడికి మంచి ముక్కలన్నీ పడతాయి. పాదిరీ మొహం ముడుచుకుంటాడు. అది బడిలో పిల్లలందరూ చదువుతారు. సంక్రాంతికి మావయ్యకి కాలు ముక్క వేసి పెదనాన్నకి మెడ వేసినప్పుడు మనింట్లో జరిగిన గొడవకి నవల రాసేవాళ్ళు లేకపోయారు.

ఇప్పుడు అసలు పని. తాతయ్య పైవరస పళ్ళు తీయించుకున్నాడనీ, కట్టుడు పళ్ళు వచ్చేదాకా జావ తప్ప ఏం పెట్టినా అలుగుతున్నాడనీ, జావ పెట్టినా అలుగుతున్నాడనీ నాన్న చెప్పాడు. ఆయనకి ఈ పోస్పాస్ వండు. ఆయనకి జ్వరం లేదు కాబట్టి నీ చట్టం అడ్డురాదు. జిగురు బియ్యం మన వైపు వెతకొద్దు, స్వర్ణ నూకలు వేస్తే చిక్కదనం అదే వస్తుంది. అల్లం పిడికెడు, మొహమాటపడకు. కోడి మెత్తగా ఉడికాక ఎముకలు తీసేసి పీచులుగా చీల్చి మళ్ళీ గిన్నెలో వెయ్యి. కలమాన్సీ బదులు మన పెరట్లో నిమ్మకాయ. కుసుమ పూలు దొరకవు కాబట్టి చిటికెడు పసుపు వేసుకో. నేను వద్దన్నా వేస్తావని తెలుసు, అందుకే అనుమతి ఇస్తున్నాను. పాటీస్ బదులు ఉప్పు చాలు.

చివరిగా ఒక మాట. నువ్వు పంపిన మాగాయ సీసా తీతా చూసింది. ‘ఇదేంటి’ అని టెంక ఒకటి నోట్లో పెట్టుకుని, తర్వాత మాట్లాడకుండా ఇంకోటి తీసి తన పోస్పాస్ గిన్నెలో వేసుకుంది. ఆ రోజు నుంచి సీసా కింద కొట్లో, ఆవిడ గల్లాపెట్టె పక్కన ఉంటోంది. నేను అన్నంలోకి కావాలంటే వెళ్ళి అడగాలి. ఆవిడ కొలిచి వేస్తుంది. వేసవిలో కొత్త మాగాయ పెట్టినప్పుడు రెండు సీసాలు పంపండి. పెద్ద దాని మీద తీతా పేరు రాయండి, లేకపోతే రెండూ తీసుకుంటుంది.

ఇట్లు
నీ మనవడు

(అమ్మా, ఆ రెండో సీసా పుస్తకాల అట్టపెట్టెలో అడుగున పెట్టు. ఇది కూడా మామ్మకి చదవొద్దు, ఫోనులో తీతాకి చెప్పేస్తుంది.)