కత్తిపీట దురద

గోదావరి డెల్టాలో కాలువగట్టున కాపురముండువారికి సూర్యాస్తమయమనునది కవులు వర్ణించు శోభగా గాక, కిటికీలు బిగించి, కుంపటిలో వేపాకు పొగవేసి, మశకసైన్యమునుండి గృహదుర్గమును కాపాడుకొనుటకు పూనుకొను వేళగా మాత్రమే పరిచితము. ఆ వేళ ఎవ్వడైనను తన యింటి అరుగుపై కూర్చుండి ముంజేతిమీద ఛట్టున చరచుకొనెనా, ఆ చప్పుడు దోమకు వినబడునో లేదో గాని, మూడిండ్ల యవతల పడకకుర్చీలో అరమోడ్పు కన్నులతో నున్న మా చిట్కాల బాబాయిగారికి మాత్రము తప్పక వినబడును. వారి యసలు పేరు మా వీథిలో సగముమందికి తెలియదు. తక్కిన సగముమంది మరచిపోయిరి.

"ఏమోయ్, కుట్టిందా?" అనుచు వారు ఉత్తరీయము సవరించుకొని మా మెట్లెక్కుచుండగా, కుట్టలేదని బొంకుట యెంత వ్యర్థమో నాకనుభవమే. వారు నా చేతిని దీపపు వెలుగునకు అటునిటు త్రిప్పి, కండ్లజోడును నుదుటిపైకి నెట్టి (దగ్గరి వస్తువులు చూచుటకని చేయించుకొన్న ఆ కండ్లజోడు చూడవలసిన సమయమున నెప్పుడును నుదుటిమీదనే యుండును), నాడి పట్టిన ఘనవైద్యుని గాంభీర్యముతో నిదానము చెప్పుదురు. ఒంటరి దద్దురైనచో దోమ. వరుసగా మూడున్నచో నల్లి. నడుమ తెల్లని పొక్కు లేచినచో ఎర్రచీమ. నిదానము ముగిసిన పిమ్మట చికిత్స. ఇందు గమనింపదగిన విశేషమేమనగా, వారియొద్ద ఒక్క మందైనను లేదు. సమస్త ఔషధములును రోగి యింటనే యుండవలెను. "అమ్మాయీ, తమలపాకుల పెట్టెలో సున్నం ఉందా? లేదూ? పోనీ ఉల్లిపాయ కోసి తే. అది కూరలో పడిపోయిందా? పోనీ తినేసోడా అయినా చిటికెడు..." అని వారు కేకవేయుచుండ, పెరటిలోని తులసి మొదలు చారులోనికై నానవేసిన చింతపండు వరకు ఒక్కొక్కటియే అరుగుమీదికి వచ్చి చేరును. లోపల కంద తరుగుచున్న మా యావిడ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకో!" అని మెల్లగా ననుకొనుట నాకు వినబడును, బాబాయిగారికి వినబడదు. దోమను చరచు చప్పుడును మూడిండ్ల యవతలనుండి పట్టగల ఆ చెవులకు ఇట్టి మాటలు సోకకుండుట భగవంతుడు పరోపకారపరాయణులకు ప్రసాదించిన రక్ష యని తలంచెదను.

మా వీథిలో కాటువైద్యమున క్షారవాదులనియు ఆమ్లవాదులనియు రెండు శాఖలు గలవు. సున్నము, సోడా పూయువారు మొదటివారు. నిమ్మరసము, చింతపండు పూయువారు రెండవవారు. వీరు వారిని గూర్చి, వారు వీరిని గూర్చి పలుకు పలుకులు ఇచట వ్రాయదగినవి కావు. బాబాయిగారు మాత్రము సర్వమతసమన్వయము కోరినవారు గాన, ఒకనాడు నా మోచేతిపై మొదట సున్నము పూసి, దానిపై చింతపండు మెత్తించిరి. పులుపును సున్నమును ఒండొంటిని శాంతింపజేసికొని, నా దురదను మాత్రము యథాస్థితిలో విడిచిపెట్టినవి.

ఈ విషయమును మా ఊరి డాక్టరుగారి కడ ప్రస్తావింపగా, ఆయన నవ్వి అసలు సంగతి చెప్పెను. కుట్టునది ఆడదోమ మాత్రమేనట. గ్రుడ్లకు పుష్టి కావలసి రక్తము పీల్చునట. పీల్చునపుడు నెత్తురు గడ్డకట్టకుండ తన లాలాజలమును మన చర్మములోనికి వదలునట. ఆ పరాయిద్రవమును శత్రువుగా నెంచి మన దేహమే హిస్టమిన్ అను పదార్థమును విడుదల చేయుటచే దద్దురును దురదయు కలుగునట. గీరినకొలది పెరుగును, చల్లని తడిగుడ్డ వేసినను, కాలమైన్ లోషను పూసినను కొంత ఉపశమించును, ఏమియు చేయకున్నను కొన్ని దినములలో తానే పోవును. ఈ కడపటి వాక్యమున చిట్కావైద్య రహస్యమంతయు ఇమిడియున్నదని నాకప్పుడు తోచినది. తానే మానవలసిన వ్యాధికి మొదటినాడు తులసి, రెండవనాడు పసుపు, మూడవనాడు గోటితో దద్దురుపై ఇంటూ గుర్తు, నాలుగవనాడు కొబ్బరినూనె అయినచో, కీర్తి కొబ్బరినూనెకు దక్కును. గులాబిరంగు లోషనును గూర్చి బాబాయిగారి అభిప్రాయము వేరు: "అది సున్నమేనోయ్! రంగు కలిపి సీసాలో పోశాడు."

అన్ని కాట్లును దోమకాట్లవలె క్షమాశీలములు కావు. క్రిందటి వేసవిలో చూరు క్రింద గూడు కట్టిన కందిరీగ యొకటి నా చెవితమ్మెపై కుట్టినది. బాబాయిగారు పిన్నీసుతో ప్రత్యక్షమై, "ముల్లు లోపలుంది, కదలకు" అని పావుగంట వెదకిరి. ముల్లు విడిచిపోవునది తేనెటీగ. దాని కొండి మొనకు వెనుకకు వంగిన పండ్లుండుటచే ఊడి చర్మమున నిలిచిపోవును. కందిరీగ కొండి నునుపైనది. కుట్టి, వెనుకకు లాగికొని, మనసైనచో మరల కుట్టగలదు. లేని ముల్లును వెదకుటలోని శ్రమ పిన్నీసు పట్టినవానికన్న చెవి గలవానికే యెక్కువగా తెలియును. ముల్లు దొరకని కోపమున వారు తడిసున్నము దట్టముగా పట్టించి వెళ్ళిరి. కందిరీగ చేసిన వాపు రెండు దినములలో తగ్గినది. సున్నము చేసిన పుండు మానుటకు పక్షము పట్టినది. ఆ పదునైదు దినములును వారు ప్రతిసాయంకాలమును వచ్చి చెవిని చూచి, "చూశావా, కందిరీగ విషం ఎంత పాడుదో! సున్నం పెట్టబట్టి సరిపోయింది" అని నన్నోదార్చుచుండిరి.

వారి పరోపకారము చరిత్రపురుషులను సైతము విడువదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దొర అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్న ఉదంతమును, అందులకై హుసేన్ ఖాన్ అను రోగిని కాటునకు అణా చొప్పున నిచ్చి దోమలచే కుట్టించిన సంగతిని, ఆ పరిశోధనకే 1902లో నోబెల్ బహుమతి లభించుటను నేనొకనాడు కొంత గర్వముతో వినిపించితిని. బాబాయిగారు చాలసేపు మౌనముగా నుండి, కన్నులు చెమర్ప, "అణా ఇచ్చాడు సరే, కాస్త సున్నం ఇచ్చాడా ఆ మహానుభావుడు?" అనిరి.

ఇన్ని మందులు వారి దేహముపై నెప్పుడైన పరీక్షింపబడినవా యను శంక నాకు చిరకాలముగా నుండెను. మొన్నటి సాయంకాలము ధైర్యము చేసి యడిగితిని. వారు పకపక నవ్విరి. "నన్ను దోమ కుట్టడమేమిటోయ్! రోజూ వేపపుల్లతో పళ్ళు తోముతాను, నా రక్తం చేదు. పుట్టి బుద్ధెరిగి ఒక్క దద్దురు లేదు." చిన్ననాటినుండి తెరపిలేక కుట్టించుకొన్న దేహములలో కొన్నింటికి ఆ లాలాజలము అలవాటై దద్దురే లేవకుండుట కలదని డాక్టరుగారు చెప్పిన మాట నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది గాని, నోరు మెదపలేదు. వారు గోరువెచ్చని ఉప్పునీటి మహిమ నారంభించిరి. అంతలో దోమ యొకటి గిరికీలు కొట్టికొట్టి, నుదుటి కండ్లజోడునకు రెండంగుళముల పైని, నున్నని బట్టతలపై వ్రాలినది. మా యావిడ తలుపుచాటునుండి చూచినది, నేను చూచితిని, ప్రక్క అరుగుమీది పిల్లవాడును చూచి నోరు తెరవబోగా నేను కనుసన్న చేసితిని. బాబాయిగారు ఉప్పునీటినుండి వెల్లుల్లికి వచ్చునప్పటికి అది పొట్ట యెర్రబారునంతగా త్రాగి, బరువుగా లేచి, గోడమీద వ్రాలినది. వెల్లుల్లి పూర్తియైన పిదప బాబాయిగారు ఒక్క క్షణమాగి, చూపుడువ్రేలితో తల గోకికొనుచు, "ఇంకొకటేదో ఉండాలోయ్, గుర్తుకు రావడం లేదు" అనిరి.