ఊరు కాదు తమ్మీ, టౌను!

స్టేషన్ ఘన్‌పూర్‌లో పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది కిరాయి ఇండ్ల ఓనర్లకే.

గోడకు సున్నం పాతదే. కిరాయే కొత్తది.

'నిరుడు ఆరు వేలే కదన్నా?'

'నిరుడు ఊరు తమ్మీ, ఇప్పుడు టౌను!'

ఇటు హన్మకొండ, అటు జనగామ, నడుమ 163 నంబరు హైవే. బస్సుకు దగ్గరని కొంత, రైలుకు దగ్గరని ఇంకొంత. పెద్ద రైళ్లు ఆగకుండానే పోతయి గానీ, వాటి కూత మాత్రం ఫ్రీ.

అన్నీ కలిపి 8,300. ఆ మూడొందలేందో అనుకోకండి. 12తో గుణిస్తే 99,600. ఏడాది కిరాయి లక్ష దాటితే, దాని మీద పన్ను మినహాయింపు కావాలనే ఉద్యోగి తన ఆఫీసులో ఓనరు పాన్ నంబరు చెప్పాలి మరి. ఓనరుకు లెక్కలు బాగానే వచ్చు!

ఇక ఇంటర్వ్యూ. గవర్నమెంటా, ప్రైవేటా? నీసు తింటరా? చుట్టాలెక్కువొస్తరా? చివరగా, గొంతు తగ్గించి: 'మీరేమిట్లు?'

మోటారు ఎప్పుడేస్తరని మనమడిగితే మాత్రం, 'మస్తు ప్రశ్నలున్నయే నీకు!'

అగ్రిమెంటు 11 నెలలకే. పన్నెండో నెల గోడ మీది క్యాలెండర్‌లోనే.

'మీరు పైపోర్షన్‌లనే ఉంటరా అన్నా?'

ఓనరు నిట్టూర్చాడు.

'లే తమ్మీ. పిల్లల సదువుకని హన్మకొండల కిరాయికుంటున్నం. ఆ ఓనరున్నడు సూడు... దినాం పది నిమిషాలే మోటరేస్తడు. మనిషే కాదు!'